హాలీ సిక్కా, కల్దారు: చిన్న రాజ్యముల ద్రవ్యమును గూర్చి



గత మాసమున మన సంఘ కార్యాలయమునకు ఒక వృద్ధ సభ్యుడు వచ్చి, తన తాతగారి సందుగపెట్టెలో దొరకిన వెండి నాణెమొకటి బల్లపై నుంచి, "అయ్యా, ఇది బ్యాంకులో చెల్లునా?" అని యడిగెను. నాణెమునకు ఒకవైపున చార్మినారు, దాని ద్వారమునందు పారసీ లిపిలో ఒకే యొక యక్షరము. అది ఉస్మాన్ అలీఖాను నవాబు పేరిటి మొదటి యక్షరము. హిజ్రీ సంవత్సరము 1337, అనగా 1918-19 నాటి నాణెము. ప్రక్కనున్న పడుచువారు నవ్విరి. అది నవ్వదగిన ప్రశ్న కాదని నాకు తోచినది. చెల్లుట యనగా నేమి, ఒక నాణెము గాని నోటు గాని ఎవరి మాటపై చెల్లును, ఆ మాట తప్పిన దినమున నష్టము ఎవరి నెత్తిపై బడును అను విషయములు ఆ ప్రశ్నలోనే యిమిడియున్నవి. మన తాతలు ఈ నష్టమును చక్కగా నెరిగినవారు. మనము మరచితిమి. అందుచేత ఈ సంచికలో దానిని కొంత విపులముగా వ్రాయుచున్నాను.

నేరేడుచర్ల, హుజూరునగరము, మిర్యాలగూడెము, కోదాడ, సూర్యాపేట ప్రాంతములన్నియు 1948 సెప్టెంబరు వరకు నైజాము రాజ్యములోనివి. ఈ రాజ్యమునకు సొంత నాణెముండెను. దానిని హాలీ సిక్కా యనెడివారు. హాలీ యనగా ప్రస్తుతము నడచుచున్నది యని యర్థము. ఆ పేరు పెట్టుటకు కారణము లేకపోలేదు. పూర్వము ఈ రాజ్యమున గద్వాల, నారాయణపేట మొదలగు చోట్ల వేర్వేరు టంకశాలలు ఉండి, వేర్వేరు తూకముల రూపాయలు బయలుదేరుచుండెను. ఒక సంతలో చెల్లిన రూపాయి వేరొక సంతలో వట్టము లేక చెల్లెడిది కాదు. మొదటి సాలారుజంగు దివానుగానున్న కాలమున (1853-1883) ఈ చిల్లర టంకశాలలను మూయించి, హైదరాబాదు నాణెమునొక్కదానినే నిలిపిరి. 1903లో సైఫాబాదున యంత్రములతో క్రొత్త టంకశాల నెలకొనెను.

ఇదే సమయమున కృష్ణకు ఆవలి గట్టున పల్నాటిలోను, కోదాడ దాటినంతనే జగ్గయ్యపేటలోను ఇంగ్లీషువారి రూపాయి నడచుచుండెను. మన పల్లెలలో దానిని కల్దారు అనెడివారు. రెండును రూపాయలే, రెండింటికిని పదునారణాలే. అయినను రెండును సమానము కావు. సర్కారు లెక్క ప్రకారము 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు. నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైసలు హాలీ.

ఈ 7కు 6 అను లెక్క ఎవరో ఊహించి పెట్టినది కాదు. వెండిలోనే యున్నది. కల్దారు తూకము 180 గ్రెయిన్లు, సరిగా ఒక తులము. (నేటి కంసాలులు తులమనగా 10 గ్రాములు లెక్కించుచున్నారు. పాత తులము 11 గ్రాముల 66 సెంటీగ్రాములు, ఇది జ్ఞాపకముంచుకొనదగినది.) అందు పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి, అనగా 165 గ్రెయిన్లు. హాలీ రూపాయి తూకము నూట డెబ్బదిరెండున్నర గ్రెయిన్లు. వేయింటికి 818 పాళ్లు వెండి, అనగా సుమారు 141 గ్రెయిన్లు. 165ను 141తో భాగించి చూడుడు. నూటికి నూట పదునేడు చిల్లర వచ్చును. సర్కారు లెక్కకు ఇది మిక్కిలి దగ్గర. వెండి నాణెముల కాలమున ఒక రాజ్యపు రూపాయికి ప్రక్క రాజ్యమున ఎంత విలువయో త్రాసే చెప్పెడిది.

అయితే త్రాసు చెప్పిన ధర వేరు, షరాబు ఇచ్చిన ధర వేరు. నాగార్జునసాగరు ఎడమ కాలువ రాకపూర్వము ఈ ప్రాంతము చాలవరకు మెట్ట. నల్లగొండ జిల్లాకు ఆముదములు ముఖ్యమైన అమ్మకపు పంట. ఒక రైతు బండిపై ఆముదములు వేసికొని సరిహద్దు దాటి 60 కల్దార్లకు అమ్మెననుకొందము. సర్కారు లెక్కకు అతనికి 70 హాలీ రూపాయలు రావలెను. శిస్తు కట్టవలసినది హాలీలో. కావున మార్చుకొనక తప్పదు. షరాబు రూపాయకు రెండు పైసలు తగ్గించి 69 చిల్లర ఇచ్చినను, ఆ మిగిలిన అర్ధరూపాయి చిల్లర ఆ రైతు ఒకనాటి కూలి. పంటలు చేతికివచ్చు కాలమున కల్దార్లు రాజ్యములోనికి విస్తారముగా వచ్చును, హాలీకి గిరాకి హెచ్చును. రైతు అమ్మినపుడే ధర అతనికి ప్రతికూలమగును. నింపాదిగా రెండు మాసములు ఆగి మార్చుకొనగల షావుకారునకు ఆ బాధ లేదు.

ఇంతకన్న పెద్ద ప్రమాదము ప్రోనోటునందుండెను. నూరు హాలీ రూపాయలు అప్పు తీసికొని, పత్రములో కేవలము "నూరు రూపాయలు" అని మాత్రము వ్రాసి, సిక్కా పేరు వ్రాయనిచో, తీర్చునాడు కల్దార్లే యిమ్మని పట్టుబట్టుటకు అవకాశము కలదు. అట్లయిన అసలులోనే 16 రూపాయల 10 అణాల 8 పైసలు అదనము, దానిపై వడ్డీ వేరు. అందుచేతనే ఆ నాటి పత్రములలో జాగ్రత్తపరులు హాలీ యనియో కల్దారు అనియో స్పష్టముగా వ్రాయించెడివారు. మీ యిండ్లలో పాత దస్తావేజులున్నచో తీసి చూడుడు. ఆ యొక్క మాట ఉన్నదో లేదో గమనింపుడు.

ఇక మన ప్రక్కనేయున్న మునగాల సంగతి వినుడు. సూర్యాపేటకును కోదాడకును నడుమనున్న మునగాల పరగణా నాలుగు దిక్కుల నైజాము రాజ్యముచే చుట్టబడియు, తాను మాత్రము కృష్ణా జిల్లా నందిగామ తాలూకాకు చేరిన జమీందారీ. నేలమీది దీవి యని చెప్పదగినది. అక్కడ సర్కారు లెక్క కల్దారులో. ఊరి పొలిమేర దాటిన హాలీ. బంధుత్వము, పెండ్లి, ఎడ్ల బేరము, పాలేరు జీతము అన్నియు ఇరుప్రక్కల గ్రామములతోనే. ఒక మనుష్యుడు దినమునకు రెండుమారులు రాజ్యము మారి రెండుమారులు రూపాయి మార్చుకొనవలసిన స్థితి. దేశపటము గీచినవారికి ఇది పట్టలేదు.

ఇంతవరకు వెండి మాట. కాగితపు మాట వేరు. నైజాము ప్రభుత్వము చాలకాలముగా నోట్లు వేయదలచెను గాని ఇంగ్లీషువారు సమ్మతింపలేదు. మొదటి మహాయుద్ధమున వెండి కరవు వచ్చెను. ఆ కరవు ఎంతటిదన, 1918లో అమెరికా ప్రత్యేకముగా శాసనము చేసి తన ఖజానాలోని వెండిని కరగించి ఇండియాకు అమ్మవలసివచ్చెను. ఆ సంవత్సరముననే హైదరాబాదు కాగితపు ద్రవ్య శాసనము వెలువడి 10, 100 రూపాయల ఉస్మానియా సిక్కా నోట్లు బయలుదేరెను. మరుసటి సంవత్సరము 1, 5 రూపాయలవి, 1926లో వేయి రూపాయలవి వచ్చెను. నోటుపై విలువ ఉర్దూతోపాటు తెలుగున, మరాఠీలో, కన్నడమున గూడ ముద్రింపబడెను. రైతు తన భాషలో చదువుకొనగలిగెను. స్వదేశ సంస్థానములలో దీర్ఘకాలము సొంత నోట్లు నడిపిన ఘనత హైదరాబాదుదే.

నోటు వేయుటలో రాజ్యమునకు లాభమేమి? నూరు రూపాయల నోటునకు కాగితము, సిరా ఖర్చు కొద్ది అణాలు. ఆ నోటు ప్రజల చేతులలో తిరుగునంతకాలము నూరు రూపాయల విలువ ప్రభుత్వమునకు వడ్డీ లేని అప్పువలె దొరకును. అందులో కొంత వెండిగాను, కొంత ఋణపత్రములుగాను నిలువజేయుదురు. ఆ పత్రములపై వచ్చు వడ్డీ రాజ్యముదే. ప్రజ నోటు తెచ్చి వెండి యిమ్మన్నప్పుడు ఈయగలిగినంత నిలువ యుండవలెను. ఉన్నచో నోటు నిలుచును, లేనిచో కాగితమగును.

ఈ నిలువను కాచుటకును, రాజ్యపు అప్పును నిర్వహించుటకును 1941లో శాసనము చేసి, 1942 ఏప్రిలు 5వ తేదీన హైదరాబాదు స్టేట్ బ్యాంకును తెరచిరి. వాటాలలో అధికభాగము ప్రభుత్వముదే. అప్పటికి ఇంగ్లీషువారి ఇండియాలో రిజర్వు బ్యాంకు ఏర్పడి (1935) ఏడేండ్లు. ఒక ఉపఖండమున రెండు ద్రవ్యములు, రెండు కేంద్ర బ్యాంకులు అయినవి. ఇంతలో 1940లో కల్దారు రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించిరి. అప్పటినుండి త్రాసు చెప్పునది చెల్లలేదు. 7కు 6 అను లెక్కను నిలిపినది రెండు ప్రభుత్వముల మాట మాత్రమే.

ఆ మాటకు 1947లో పరీక్ష వచ్చెను. నవంబరు 29న నైజాము ప్రభుత్వమునకును ఇండియా ప్రభుత్వమునకును యథాతథపు ఒడంబడిక కుదిరెను. కొలదివారములలోనే నైజాము ప్రభుత్వము ఇండియా రూపాయి తన రాజ్యమున చెల్లదని ఉత్తరువు చేసెను. వెండి బంగారములు ఇండియాకు పోరాదని మరియొక ఉత్తరువు చేసెను. అంతేగాక తన నిలువలోని ఇండియా ప్రభుత్వపు ఋణపత్రములలో 20 కోట్ల రూపాయలవి పాకిస్థానునకు అప్పుగా నిచ్చెనని బయటపడెను. ఇండియా ప్రభుత్వము ఆ పత్రముల మార్పిడిని నిలిపివేసెను. ఇందు గ్రహింపవలసిన సంగతి యొకటి. హైదరాబాదు ద్రవ్యమునకు పూచీగానున్న ధనములో పెద్దభాగము ప్రక్క ప్రభుత్వము వ్రాసియిచ్చిన పత్రములు. ఆ ప్రభుత్వముతో వైరము వచ్చిన దినమున ఆ పత్రములు పెట్టెలోనున్నను చేతికి రానివైనవి. సొంత నాణెము కలదు గదా యని రాజధానిలో గర్వపడవచ్చును. సరిహద్దు రైతు సంచిలోని కల్దారు మాత్రము ఒక్క ఉత్తరువుతో చెల్లనిదయ్యెను. రాజకీయముగా ఎవరి వాదము ఎట్లున్నను, ఈ యుత్తరువు వలన కోదాడ సంత బాగుపడినదని ఎవరును చెప్పజాలరు.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగెను. 1950 జనవరి 26 నుండి ఇండియా రూపాయి ఇక్కడ చెల్లుబాటయ్యెను. కొంతకాలము రెండును ప్రక్కప్రక్కన నడచి, 1959 నాటికి హాలీ సిక్కా సంపూర్ణముగా రద్దయ్యెను. హైదరాబాదు స్టేట్ బ్యాంకు 1956లో రిజర్వు బ్యాంకు చేతిలోనికి పోయి స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు అను పేరు ధరించి, 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు అనుబంధమై, 2017 ఏప్రిలు 1న దానిలో లీనమయ్యెను. మునగాల పరగణా గూడ నల్లగొండ జిల్లాలో కలిసి, ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోనిదైనది.

మన కథ ముగిసినది గాని, ఇట్టి చిక్కు ప్రపంచమున ముగియలేదు. సముద్రమధ్యమున నేటికిని చిన్న స్వతంత్ర రాజ్యములు అనేకము కలవు. వానికి ద్రవ్యమెట్లు? ఒక్కొక్కటి యొక్కొక్క మార్గము త్రొక్కినది. వీనిలో రెండు దీవులలో మన తెలుగువారు వలసపోయి స్థిరపడియున్నందున ముందు వానిని చెప్పెదను.

మారిషస్ ద్వీపమునకు చెరకు తోటల కూలికై కోరంగి రేవునుండి పోయిన తెలుగువారిని అక్కడ కోరంగీలు అనెడివారు. నేటికిని అక్కడ ఉగాది సెలవుదినము. ఆ దీవిలో 1877 నుండి మన ఇండియా రూపాయియే ప్రమాణ నాణెము. కూలివారు ఇంటికి పంపదలచినచో వట్టము బాధ తక్కువ. 1934లో ఆ దీవికి సొంత రూపాయి ఏర్పడి ఇంగ్లండు పౌనుతో ముడివేయబడెను. 1967లో మారిషస్ బ్యాంకు అను కేంద్ర బ్యాంకును, 1968లో స్వాతంత్ర్యమును వచ్చెను. పేరు ఇప్పటికిని రూపాయియే. మన రూపాయితో సంబంధము లేదు. పేరొకటైనంత మాత్రమున విలువ యొకటి కాదని హాలీ, కల్దారులను చూచిన మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఫిజీ దీవులకు 1903 నుండి 1916 వరకు మదరాసు రేవునుండి పోయిన కూలివారిలో తెలుగువారు గణనీయముగా నుండిరి. అక్కడను చెరకే పంట. ఫిజీ 1969లో పౌనును విడిచి డాలరును పెట్టుకొనెను. 1973లో ద్రవ్య నిర్వాహక సంస్థ, 1984లో దాని స్థానమున ఫిజీ రిజర్వు బ్యాంకు వచ్చెను. సొంత ద్రవ్యము గల రాజ్యము అవసరమైనపుడు దాని మారకపు ధరను తగ్గించుకొనగలదు. ఫిజీలో 1987లో సైనికులు ప్రభుత్వమును పడగొట్టిన పిమ్మట రెండుమారులును, 2009 ఏప్రిలులో నూటికి 20 వంతునను తగ్గించిరి. ఇది చెరకు రైతునకు మంచిదా, చెడ్డదా? లెక్క చూడుడు. పరదేశమున చక్కెర అమ్మగా మునుపు 80 ఫిజీ డాలర్లు వచ్చు చోట ఇప్పుడు 100 వచ్చును. ఎరువునకు, డీజిలునకు, దిగుమతి బియ్యమునకు మునుపు 80 ఇచ్చు చోట 100 ఈయవలెను. అమ్ముట ఏటికొకమారు, కొనుట ప్రతిదినము. మిల్లువారి చెల్లింపు ఆలస్యమయ్యెనా, లాభము రాకముందే నష్టము ఇంటికి వచ్చును. ధర తగ్గింపు రైతునకు మేలని కొందరు పండితులు వ్రాయుదురు గాని, వారు రైతు కొనువానిని లెక్కలో చేర్చుట మరతురు.

కిరిబాటి, తువాలు, నౌరు అను పసిఫిక్ దీవులు ఆస్ట్రేలియా డాలరునే వాడుచున్నవి. కేంద్ర బ్యాంకు లేదు, ధర తగ్గునను భయము లేదు, ఆస్ట్రేలియాతో బేరమునకు వట్టము లేదు. కాని నోటు వేయుటలోని లాభము ఆస్ట్రేలియాకు పోవును. అక్కడ వడ్డీ హెచ్చించినను తగ్గించినను వీరి కొబ్బరి ధరను తలచి చేయరు. కిరిబాటివారు మాత్రము ఒక తెలివైన పని చేసిరి. బనాబా దీవిలోని ఫాస్ఫేటు ఖనిజపు ఆదాయమునుండి 1956లోనే ఒక నిలువనిధిని ఏర్పరచిరి. ఖనిజము 1979లో అయిపోయినను నిధి నిలిచినది. నౌరులో అంతకన్న విస్తారమైన ఫాస్ఫేటు ఉండెను, నిధియు నుండెను, దుర్వినియోగమున చాలవరకు కరగిపోయెను.

నాకు అన్నింటికన్న నచ్చినది తూర్పు కరీబియను దీవుల పద్ధతి. మన సంఘ పద్ధతికి అది సోదర సమానము. ఆంటిగ్వా, డొమినికా, గ్రెనడా, సెయింట్ కిట్స్, సెయింట్ లూసియా, సెయింట్ విన్సెంట్ అను ఆరు స్వతంత్ర రాజ్యములును, ఇంగ్లండు పాలనలోని ఆంగ్విల్లా, మాంట్సెరాట్‌లును కలిసి ఒకే డాలరును నడుపుచున్నవి. 1983లో ఏర్పడిన వారి ఉమ్మడి కేంద్ర బ్యాంకు సెయింట్ కిట్స్‌లోని బాస్‌టేర్ పట్టణమున నున్నది. 1976 నుండి అమెరికా డాలరు ఒకటికి వారి డాలర్లు 2.70. ఆ ధర మారలేదు. బ్యాంకు బాకీలో నూటికి 60 వంతులకు తగ్గక పరదేశ ద్రవ్యము నిలువయుండవలెనని వారి ఒడంబడిక. ఒక సభ్య ప్రభుత్వమునకు డబ్బు కావలసివచ్చినచో నోట్లు ముద్రింపుమని బ్యాంకును శాసింపజాలదు. తక్కిన ఏడుగురు ఒప్పుకొనరు.

1995లో మాంట్సెరాట్‌లో అగ్నిపర్వతము ప్రేలి, రెండేండ్లలో దాని ముఖ్యపట్టణమగు ప్లిమత్ బూడిదలో కప్పబడి నిర్జనమయ్యెను. జనులలో అధికభాగము దీవిని విడిచిపోయిరి. ఆ దీవికి సొంత ద్రవ్యమే యుండినచో ఆ నోట్లను ఎవరు తీసికొనియుందురు? ఉమ్మడి ద్రవ్యమగుటచేత ప్లిమత్ నుండి పారిపోయినవాని జేబులోని నోటు ఆంటిగ్వా అంగడిలో నిన్నటి ధరకే చెల్లెను.

ఇప్పుడు మన సంఘమునకు వచ్చెదను. సభ్యుడు డిపాజిటు చేసినపుడు మన మిచ్చు రసీదు గూడ ఒక విధమైన నోటే. దాని వెనుక వాటా ధనము, నిలువనిధి, సభ్యులు తీర్చవలసిన అప్పులు ఉన్నవి. జిల్లా కేంద్ర సహకార బ్యాంకులో ఉంచిన డిపాజిటునకు 2020 నుండి 5 లక్షల రూపాయల వరకు బీమా కలదు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములోని డిపాజిటునకు ఆ బీమా వర్తింపదు. ఈ భేదము చాలమంది సభ్యులకు తెలియదు. మహాజన సభలో జమాఖర్చు చదువునపుడు నిలువనిధి యెంత, గడువు దాటిన బాకీలెన్ని యను రెండు అంకెలను అడిగి వ్రాసికొనుడు. అడిగినవారిని కార్యదర్శి విసుగుకొనినచో మరల అడుగుడు.

ఆ వృద్ధ సభ్యుని నాణెము సంగతి. బ్యాంకులో అది చెల్లదు. దానిని మార్చియిచ్చు బాధ్యత గల ప్రభుత్వమును లేదు, బ్యాంకును లేదు. అయినను దాని తూకము 11 గ్రాములకు కొంచెము పైన. అందు మేలిమి వెండి సుమారు 9 గ్రాములు. కంసాలి ఆ తొమ్మిదింటికే ధర కట్టును. పాత నాణెములు సేకరించువారు అంతకన్న హెచ్చు ఇత్తురేమో విచారింపవచ్చును. ఈ సంగతి చెప్పగా ఆయన నాణెమును మరల పంచెకొంగున ముడివేసికొని, "అట్లయిన మా తాత మోసపోలేదన్నమాట" అని వెడలిపోయెను.